జాబ్రియాలో గంగమ్మ వేషం

నాకు యాభై దాటాక అక్షరాలు వచ్చాయి. వొత్తులు ఇప్పటికీ తడబడతాయి, తప్పులుంటే మన్నించండి. ఒక్కో పేజీ రాయడానికి రెండేసి రోజులు పడుతుంది, అందుకే కథ చిన్నది.

ఆ రోజు కూడా మునిలక్ష్మి పొద్దున్నే లేచి టీ పెట్టింది. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి పన్నెండు రోజులైంది. జాబ్రియా పేటలో ఒక కువైటీల పెద్దింటి వెనక, పనివాళ్ళ గదిలో పాలపొడి డబ్బా అడుగంటింది. ఆ ఇంటి డ్రైవరైన ఆమె మొగుడు గంగాధర రొట్టెల వరుసలో నిలబడి తిరిగొచ్చేసరికి గదిలో ఒక పిల్ల కూర్చుని ఉంది. ఒంటి మీద మునిలక్ష్మి చీర, నుదుట ఎర్రటి బొట్టు. తేరిపార చూస్తే యజమానురాలి కూతురు బదరియా!

"ఇదేంది మే?"

"పక్క వీధిలో సోల్జర్లు ఇల్లిల్లూ వెతుకుతాండారు. ఇంటి మామా, ఈ పిల్ల తల్లే వచ్చి నా చేతులు పట్టుకొని ఏడ్చె. బొట్టు కూడా ఆమే పెట్టె, తన చేత్తో. ఇండియా వాళ్ళను అంతగా పట్టించుకోరు గదా. అడిగితే నా చెల్లెలంటాం."

"పట్టుబడితే ముగ్గుర్నీ గోడకు నిలబెట్టి కాలుస్తారు. తీయించు ఆ కోక!"

మునిలక్ష్మికి ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ ఊరి గంగమ్మ జాతరలో మగవాళ్ళు మొక్కుబడిగా చీర కట్టి అమ్మవారి వేషం వేస్తారు. కువైట్ రాకముందు ఏడేళ్ళు వరసగా ఆ వేషం గంగాధరదే.

"నువ్వు గంగమ్మవై ఏం కథ చెప్తాంటివి? చెప్పు, ఈ పిల్ల కూడా విననీ."

"ఇప్పుడు కథలేందే?"

"నేనే చెప్తా. పాలెగాడు కనపడిన ఆడపిల్లనల్లా ఎత్తుకపోతాంటే, గంగమ్మ వేషాలు మార్చుకొని వాన్ని వెతికి తల నరికె. నువ్వు కత్తెత్తి ఆడతాంటే ఊరంతా నీ కాళ్ళ మీద పడె. మీ నాయన కూడా మొక్కె. ఎవురిదయ్యా ఆ కోక? నాది!"

"అది దేవత మే. మొక్కుబడి వేరే, ఇది వేరే."

"ఏం వేరే? పాలెగాడు నిజంగానే వీధిలోకొచ్చినాడు. నీ దేవత యాడ దాక్కునె? మొగోడు కడితే అది అమ్మవారి కోక, నేను కడితే చెయ్యి తుడుచుకునే గుడ్డ! ఎత్తుకపోయింది మమ్మల్ని, నరికింది మాలో ఒకామె. ఆడేదానికీ మొక్కించుకునేదానికీ మాత్రం మీరా?"

గంగాధర నోరు తెరిచేలోగా గేటు మీద తుపాకీ మడమలు దబదబా మోగాయి.

ఇద్దరు సైనికులు లోపలికొచ్చారు. గంగాధర ఇఖామా, అంటే అక్కడుండే పర్మిట్టు చూసి, ఆ పిల్ల ఎవరని అరబ్బీలో అడిగారు.

"నా చెల్లెలు," అంది మునిలక్ష్మి వచ్చీరాని అరబ్బీలో.

"మాట్లాడదేం?"

బదరియా బెదిరి లేచి చీర అంచు తొక్కుకుంది. కుచ్చిళ్ళు సగం జారాయి. ఒకడు వంగి ఆమె మొహంలోకి చూశాడు.

జాతరలో వేషం కట్టినవాడు ఎవరినైనా నోటికొచ్చినట్టు తిట్టొచ్చు, ఎవరూ తప్పు పట్టరు. ఏడేళ్ళు తిట్టిన ఆ నోటిని గంగాధర ఒక్కసారిగా విప్పాడు.

"ఏమే మాలోకమా! కోక కట్టేది కూడా చేతగాదా? మీ అక్క నెత్తినెక్కి తినేదొక్కటే వచ్చునా?" అని బదరియా మీద విరుచుకుపడి, అదే ఊపులో సైనికుడి వైపు తిరిగాడు. "నువ్వు చూసేదేందిరా, పాలెగా! నీ కండ్లు కాకులు పొడవ!"

బదరియా బావురుమంది. సైనికులకు తెలుగు రాదు. ఎవరింట్లోనైనా ఉండే గోలే అనుకుని పగలబడి నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

గంగాధర గేటు గడియ పెట్టొచ్చి గోడ పక్కన కూర్చున్నాడు. "మే... వాడు ఆ పిల్ల దిక్కు చూస్తాంటే నా ఒంటినే చూసినట్టుండె. జాతరలో ఎప్పుడూ ఇట్ల కాలేదు."

"యాడైతాది? చేతిలో కత్తి, చుట్టూ జనం," అంది మునిలక్ష్మి. కోపం ఇంకా తగ్గలేదు. "ఆ భయాన్ని వదిలిపెట్టి ఉత్త కోక కట్టుకున్యావు నువ్వు. మేం దినామూ రెండూ కట్టుకుంటాం."

అతను మొహం కప్పుకుని ఏడ్చాడు. తర్వాత లేచి బదరియా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చీర వైపు చూపించి, "సర్దేదా తల్లీ?" అని సైగ చేశాడు. ఆమె తలూపింది.

మునిలక్ష్మి కళ్ళు తుడుచుకుని పిన్నీసు అందించింది. కుచ్చిళ్ళు పట్టుకున్న అతని వేళ్ళు వణుకుతున్నాయి. ఆ వణుకు ఆగేదాకా బదరియా కదలకుండా నిలబడింది.

— అంకాలమ్మ, అరవై తొమ్మిదేళ్ళు. ఇప్పుడు ఉండేది రైల్వే కోడూరులో.