అద్దం మీంచి వచ్చిన ఎండ

"ఆడపిల్ల గది కిటికీలోకి అద్దం తిప్పి చూస్తావురా? రేపే షాపు ఖాళీ చెయ్!"

హిదాయతుల్లా గారి కేకకి ఏలూరులోని ఆ సందు సందంతా గుమ్మాల్లోకి వచ్చేసింది. ఎంత కోపమొచ్చినా 'అండీ' వదలని ఊరు మనది. ఈయన 'రా' దాకా వెళ్ళాడంటే వ్యవహారం ముదిరిందనే అర్థం.

ఆయన ఇంటికి ఎదురుగా, అద్దాల షాపున్న గది ఆయనదే. అందులో అద్దెకున్న అయాజ్ తల దించుకుని నిలబడ్డాడు. సమాధానం నాలిక చివరే ఉంది. చెబితే ఆయన కూతురు సమ్రీన్ పేరు వీధిన పడుతుంది.

నెల క్రితం ఆ సమ్రీనే షాపుకొచ్చి పోట్లాడింది.

"బయట నిలబెట్టిన పెద్దద్దం అమ్మేశారా?"

"అమ్మేశానండీ. ఏం?"

"నా సక్యులెంట్స్ పాడైపోతున్నాయి!"

"మొక్కలకి అద్దమెందుకండీ? సోకులు చేసుకుంటాయా?"

"నవ్వకండి. మా గదికి ఎండే రాదు. మేడ మీద పెడితే కోతులు పీకేస్తాయి. ఇన్నాళ్ళూ మీ అద్దం మీంచి పడ్డ ఎండకే గుబురుగా, బొద్దుగా పెరిగాయి. ఇప్పుడు వెలుతురు చాలక పీలగా పైకి సాగిపోతున్నాయి."

మర్నాడే అయాజ్ ఇంకో అద్దం నిలబెట్టాడు. ఎవరడిగినా అమ్మలేదు. "ఎండ చాలిందాండీ?" అని రోజూ అడగడం, "కొంచెం ఎడం పక్కకండీ" అని ఆమె కిటికీలోంచి నవ్వడం అలవాటైపోయింది. ఎండ ఎప్పుడో చాలింది. ఆ మాట ఇద్దరూ ఒప్పుకోలేదు.

"నోరు పెగలదేం?" అని హిదాయతుల్లా గద్దించాడు.

"తప్పయిపోయిందండీ. ఖాళీ చేసేస్తాను."

అయాజ్ అద్దం ఎత్తాడు. సమ్రీన్ గదిలో వెలుగు పోయింది. మరుక్షణం ఆమె కుండీ పట్టుకుని వీధిలోకి పరిగెత్తుకొచ్చింది.

"నాన్నా, ఆయన తప్పేం లేదు! ఎండ కోసం నేనే అడిగాను."

హిదాయతుల్లా కుండీ వంక చూశాడు. కింద సాగిన కాడ, పైన కొత్తగా దగ్గరదగ్గరగా వేసిన ఆకులు.

"మొక్కల కోసమేనా?"

అవునంటే గొడవ అక్కడితో సరి. అనెయ్యమని అయాజ్ కళ్ళతోనే బతిమాలాడు.

"మొదట మొక్కల కోసమే నాన్నా. ఇప్పుడు... ఆయన షాపు తియ్యకపోతే నాకు తెల్లారినట్టే ఉండదు."

హిదాయతుల్లా అయాజ్ వైపు తిరిగాడు.

"అది ఇంతమందిలో చెప్పింది. నువ్వేమంటావ్?"

"నాకూ అంతేనండీ," అన్నాడు అయాజ్.

"మరి రేపు షాపు ఖాళీ చేసేవాడికి పిల్లనెలా ఇస్తానయ్యా? ఆ అద్దం కింద పెట్టి, మీ ఊరు నల్లజర్ల వెళ్ళి మీ అమ్మగారిని తీసుకురా!"