మీసాలయ్యకి మూడు ఒట్లు

"చప్పుడు కాకుండా మునిగేది కావాలి," అంది ఆ అమ్మాయి కౌంటరు మీదికి వంగి, గొంతు బాగా తగ్గించి.

చేపల షాపతను ఒక అడుగు వెనక్కి వేశాడు. శనివారం సాయంత్రం. బయట వాన. షట్టరు సగమే ఎత్తి ఉంది, ఆ సగంలోంచే ఆమె వంగి లోపలికి వచ్చేసింది. షాపులో మనుషులు ఇద్దరే, చేపలు మూడువందలు. సాక్ష్యానికి పనికొచ్చేది ఒక్కటీ లేదు.

"ఏది మునగాలండీ?"

"తిండి."

"ఎవరికి?"

ఆమె గుమ్మం వైపు ఓసారి చూసుకుంది. "మీసాలున్నాయి," అంది. "ఎడమ మీసం కాస్త పొట్టి."

అప్పటికి గానీ అతని గుండె కుదుటపడలేదు. క్యాట్‌ఫిష్.

ఆమె చెప్పిన కథ ఇది. ఆమె నాన్న రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఇంట్లో అక్వేరియం ఉంది. అందులో పైన తిరిగే గోల్డ్‌ఫిష్‌లు ఎనిమిది, అడుగున మట్టికుండలో దాక్కునే క్యాట్‌ఫిష్ ఒకటి. దాని పేరు మీసాలయ్య. మాస్టారు పొద్దునా సాయంత్రం నీళ్ళ మీద తేలే మేత చల్లుతారు. పైవాళ్ళు తినగా కింద పడ్డదే కిందివాడి వాటా, అదే డిసిప్లిన్ అంటారు. ఎనిమిది గోల్డ్‌ఫిష్‌లున్న చోట కిందపడేది వాటి నీడ ఒక్కటే. అందుకని రోజూ హాల్లో లైటు ఆర్పాక ఆమె దొంగచాటుగా ఏదో ఒకటి వేస్తోంది. అది తేలుతోంది. గోల్డ్‌ఫిష్‌లు చీకట్లోనూ వెతుక్కుని మింగేస్తున్నాయి.

అతను మునిగే బిళ్ళల ప్యాకెట్ తీసిచ్చాడు. రూపాయి బిళ్ళంత ఉంటాయి, రాయిలా అడుక్కి పోతాయి. క్యాట్‌ఫిష్ కళ్ళతో వెతకదనీ, మీసాలతో ఇసక తడుముకుంటూ వచ్చి తింటుందనీ, చీకటి పడితే గానీ బయటికి రాదనీ చెప్పాడు. సగం బిళ్ళ, అదీ రోజు విడిచి రోజు. అంతకు మించొద్దన్నాడు.

ఆమె ప్యాకెట్ సంచిలో దాచుకుని, అతని చేత అన్నిటికన్నా పెద్ద ట్యాంకు మూత మీద అరచెయ్యి పెట్టించింది. "మా ఇంట్లో ఎవరికీ చెప్పనని ఒట్టు."

పెట్టాడు. ఆ కళ్ళు చూస్తూ ఎవడైనా పెడతాడు.

మంగళవారం ఒక పెద్దావిడ గొడుగు చాటున వచ్చింది. ఆ రోజు వాన లేదు. మునిగేవేమైనా ఉన్నాయా బాబూ, అని అడిగింది. ఆయన డిసిప్లిన్‌తో ఆ మూగప్రాణి డొక్క ఎండిపోతోందట. చేపకి ఎడమ మీసం పొట్టి అనగానే అతను చేతిలోని వల జారవిడిచాడు. ఆవిడా ఒట్టు వేయించుకుంది.

గురువారం ట్రాక్‌సూటు, మెడలో విజిలు, తలమీద హెల్మెట్ పెట్టుకున్న మనిషి వచ్చాడు. హెల్మెట్ తియ్యకుండానే మాట్లాడాడు. "ఏమోయ్. పబ్లిగ్గా నాకో పద్ధతుంది. అది అలాగే ఉంటుంది. కానీ పాపం, వాడికి ఎడమ మీసం పొట్టి."

మూడో ఒట్టు.

తన బుర్ర వాడి అతను ముగ్గురికీ వేరువేరు రోజులు చెప్పాడు. ఈయన్ని ఆదివారం, ఆవిణ్ణి బుధవారం, ఆ అమ్మాయిని శుక్రవారం, సగం బిళ్ళ చొప్పున వెయ్యమన్నాడు. ముగ్గురూ బుద్ధిగా తలూపారు. ముగ్గురూ ఇంటికెళ్ళి రోజూ ఒక నిండు బిళ్ళ వేశారు. మిగతా ఇద్దరూ వెయ్యడం లేదు కదా మరి.

ఆరునెలలు గడిచాయి. ఆ అమ్మాయి ప్రతి శనివారం వచ్చేది. స్కానింగ్ సెంటర్లో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం. పని ముగించుకుని, మెడలో బ్యాడ్జి ఊగుతుండగా షట్టరు కింద వంగి వచ్చేది. ప్యాకెట్ అడిగేది. ప్యాకెట్ తీసుకున్నాక ఒక గంట ఉండేది. కప్పలా కూర్చునే చేపని చూసి అచ్చం మా డాక్టరుగారే అనేది. శనివారం మీ షాపులో ఈగ కూడా వాలదేం అని ఏడిపించేది. ఈగలకీ సెలవు కావద్దా అనేవాడు అతను. వాన తగ్గాక కూడా తగ్గలేదని ఇద్దరూ ఒప్పేసుకునేవారు.

ఒక్కటే అతనికి అంతుపట్టలేదు. వారానికో ప్యాకెట్. రోజుకో బిళ్ళ వేసినా ఒక ప్యాకెట్ రెండు నెలలు రావాలి. ఆమె కొన్నవన్నీ మీసాలయ్య కడుపులోకే పోతుంటే వాడు ఈపాటికి దూడంత ఉండాలి. అడగలేదు. అడిగితే కొనడం మానేస్తుందేమోనని భయం.

ఆ శనివారం ఆమె గుమ్మం దగ్గర ఆగిపోయింది. మూలన ఒక గొడుగు ఉంది.

"మా అమ్మ ఇక్కడికొచ్చిందా?"

అతను ఒట్టేసిన ట్యాంకు మూత వైపు చూశాడు. "లేదండీ."

ఆమె గొడుగు తీసి పిడి చూపించింది. ఎర్ర పెయింటుతో 2 అని రాసి ఉంది. మాస్టారు ఇంట్లో ప్రతి గొడుక్కీ నంబరు వేస్తారు. ఒకటి ఆయనది, రెండు అమ్మది, మూడు ఆమెది.

"ఎన్నాళ్ళ నించి వస్తోంది? నా గురించి వాకబు చెయ్యడానికా? మీరేం చెప్పారు?"

"ఆవిడ రాలేదండీ," అన్నాడు మళ్ళీ, చెమటలు కక్కుతూ. గొడుగు నడిచి వచ్చిందనుకోవాలి.

"రోజుకి నలభైమంది లోపల ఏముందో చూస్తాను," అంది ఆమె. గొంతు పెంచలేదు. అదే అతన్ని ఎక్కువ కోసింది. "మీ లోపల ఏముందో ఆరునెలల్లో చూడలేకపోయాను. అబద్ధం ఉందన్నమాట."

ప్యాకెట్ కౌంటరు మీదే ఉండిపోయింది. ఆ తర్వాతి శనివారం ఆమె రాలేదు. ఆ పైవారమూ రాలేదు. అతను సగం ఎత్తిన షట్టరు కింద కుర్చీ వేసుకుని, వీధిలో నడిచే కాళ్ళని చూస్తూ కూర్చున్నాడు. ఒక్క జతా ఆమెవి కావు.

మూడో శనివారం మధ్యాహ్నం మాస్టారు ఫోన్ చేశారు. మీసాలయ్య ఉబ్బిపోయాడట. కుండలోంచి బయటికొచ్చి, పట్టపగలు నీళ్ళపైన నోరు తెరుచుకుని గాలి మింగుతున్నాడట. నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లబడ్డాయట. పావుగంటలో రావాలి, అన్నారు. అతను రెండో నంబరు గొడుగుతో సహా పన్నెండు నిమిషాల్లో వెళ్ళాడు.

ఇసకలో చెయ్యి పెట్టగానే విషయం తెలిసింది. కుళ్ళిన బిళ్ళలు గుప్పెడు గుప్పెడు. మూడోవంతు నీళ్ళు మార్చి, ఇసక శుభ్రం చేశాడు. ఏం వేస్తున్నారు అని అడిగాడు.

"పైన చల్లేదే," అన్నారు మాస్టారు.

"అంతేగా," అంది భార్య.

"అంతే," అంది కూతురు, అతని వైపు చూడకుండా.

ఐదురోజులు ఏమీ వెయ్యొద్దు, వేస్తే చచ్చిపోతాడు, అన్నాడు. ముగ్గురూ తలూపారు. తర్వాత బాత్‌రూమ్‌లో చేతులు కడుక్కుంటుంటే మాస్టారు వచ్చి, పావు బిళ్ళ వెయ్యొచ్చా అని గుసగుసలాడారు. వంటింటి దగ్గర ఆవిడ ఆపి, పొడి చేసి వేస్తే అరుగుతుందా అంది. హాల్లో కూతురు గోడతో మాట్లాడుతున్నట్టు, "మరీ ఐదురోజులా," అంది.

 చెప్తే మూడు ఒట్లు పోతాయి. చెప్పకపోతే తెల్లారేసరికి మీసాలయ్య పోతాడు. మీసాలయ్య పోతే ఆమె ఈ జన్మలో షట్టరు కింద వంగదు.

"వాడు కుండలోకి వెళ్తాడో లేదో చూడాలి," అన్నాడు. "కర్టెన్లు వేసి ఐదు నిమిషాలు లైటు ఆర్పుతాను. ఎవరూ కదలకండి. ఏమీ వెయ్యకండి."

ఆర్పాడు. హాలు కాటుకలా అయింది. వాన చప్పుడు, మోటారు గురగుర.

టుబుక్.

కొంచెం ఆగి, టుబుక్.

మూడోది రాకముందు ఒక నిట్టూర్పు వినిపించింది. టుబుక్.

స్విచ్చి వేశాడు.

మాస్టారి చెయ్యి మోచేతిదాకా నీళ్ళలో ఉంది, మెడలోని విజిలు కూడా మునిగింది. భార్య చెయ్యి మణికట్టుదాకా. కూతురి వేళ్ళు ఇంకా నీళ్ళమీదే. ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎనిమిది గోల్డ్‌ఫిష్‌లు ముగ్గుర్నీ చూశాయి.

మాస్టారు అలవాటు కొద్దీ విజిలు ఊదారు. నీళ్ళు చిమ్మాయి.

"నీకు ముందే తెలుసా?" అన్నారు, ముఖం తుడుచుకుని.

అతను వల తీసుకుని మూడు బిళ్ళల్నీ బయటికి లాగాడు. "మీరు ముగ్గురూ ఒట్టు వేయించుకున్నారు మాస్టారూ. నోరు విప్పొద్దన్నారు. స్విచ్చి వెయ్యొద్దని ఎవరూ అనలేదు."

ఆ అమ్మాయి ముఖం తిప్పి అతన్ని చూసింది. మూలన ఆనించిన రెండో నంబరు గొడుగుని చూసింది. మళ్ళీ అతన్ని. 

భార్యాభర్తలు ఎవరు ఎన్ని ప్యాకెట్లు కొన్నారో అక్కడే తగువు పడ్డారు. ఆయన మూడు, ఆవిడ మూడు. కూతురు చెప్పలేదు. తల్లి లోపలికెళ్ళి, ఖాళీ బట్టల బుట్ట నింపుకొచ్చి హాలు మధ్యలో బోర్లించింది. ఇరవైరెండు ప్యాకెట్లు. ఒక్కటీ విప్పలేదు.

"దీని బీరువాలో చీరల వెనక, సంచిలో కట్టి ఉన్నాయి," అంది. "నేనేదో ఉద్యోగంలో వచ్చిన మందుల సంచి అనుకుని విప్పి చూడలేదు."

మాస్టారు ఒక ప్యాకెట్ ఎత్తి వెనకవైపు చదివారు. "ఒక ప్యాకెట్ రెండు నెలలొస్తుందని రాశాడు. వారానికోటి ఎందుకమ్మా?"

ఆమె ట్యాంకు వైపు తిరిగింది. చెవులు ఎర్రబడ్డాయి. "వారానికోసారే శనివారం వస్తుంది కాబట్టి," అని మీసాలయ్యతో చెప్పింది.

 అతనూ మీసాలయ్య వైపే తిరిగాడు. "శనివారం మా షాపుకి సెలవు," అన్నాడు. "ఆ మొదటిరోజు నీళ్ళు మార్చడానికొచ్చాను. అప్పట్నించీ షట్టరు సగం ఎత్తుతున్నాను. ఒక మనిషి పట్టేంత."

మీసాలయ్య, ఈ గొడవ తనకెందుకన్నట్టు, మెల్లగా దిగి కుండలో దూరాడు.

ఐదురోజులు మాస్టారు మేత డబ్బాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి విజిలు తాడుకి కట్టుకున్నారు. ఆరోరోజు సాయంత్రం చేపల షాపతనికి కబురొచ్చింది. నీళ్ళు తేరుకున్నాయి. కడుపు తగ్గింది. సగం బిళ్ళ ఒక్కటే, అతని చేత్తో. మాస్టారు అందర్నీ ఎత్తు ప్రకారం వరసలో నిలబెట్టారు. చీకట్లో ఎవరి మీదా నమ్మకం లేదు కాబట్టి అందరూ చేతులు పట్టుకోవాలన్నారు. ఎత్తు ప్రకారం ఆమె అతని పక్కన పడింది. నిజానికి తల్లి పడాలి. ఆవిడ చెప్పులు విప్పి పొట్టిదైంది.

టుబుక్. లైటు ఆరింది. కాసేపటికి అడుగున ఇసక కదిలిన సన్నని చప్పుడు. పొట్టి మీసం ముందుగా బిళ్ళని తాకి ఉంటుంది. ఆమె వేళ్ళు అతని వేళ్ళ మధ్యకి వచ్చి బిగుసుకున్నాయి. "ఎక్స్‌రే అక్కర్లేదు," అని గొణిగింది. లైటు వేశాక కూడా మాస్టారు చేతులు వదలమని ఆర్డరు ఇవ్వడం మర్చిపోయారు.

బయట వాన. అతను బయల్దేరుతుంటే మాస్టారు కొత్త గొడుగు తెచ్చి చేతిలో పెట్టి, ఇంకేమీ అనకుండా లోపలికెళ్ళిపోయారు.

వీధి మలుపు తిరిగాక అతనికి అరచెయ్యి జిగటగా తోచింది. దీపం కిందకెళ్ళి విప్పి చూశాడు. పెయింటు ఇంకా ఆరలేదు. అరచేతిలో, తిరగబడి, ఎర్రగా 4.