తెలీదనడం రాని నేస్తం

"బొబ్బట్లవారి మెరకకి ఎలా వెళ్ళాలి?" అని అడిగింది నూకరత్నం, ఒళ్ళో వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ.

"ఆయ్, తెలుసండి పిన్నిగారూ," అంది నేస్తం, క్షణమైనా తడుముకోకుండా. "సెంటర్లో బస్సు దిగి కాలవ గట్టుమీదే తిన్నగా వెళ్ళండి. రైసుమిల్లు దాటాక ఎడంచేతి వైపు మట్టిరోడ్డు. అక్కడ ఎవర్నడిగినా చెబుతారండి."

నూకరత్నానికి నవ్వాగక నోట్లో వేసుకున్న పలుకు గొంతుకి అడ్డం పడింది. ఎందుకంటే బొబ్బట్లవారి మెరక అనే ఊరు భూమ్మీద ఎక్కడా లేదు. అప్పటికప్పుడు ఆవిడ నోటికొచ్చిన పేరు అది.

ఇక్కడ కాస్త ఆగి ఆ కాలం సంగతి చెప్పాలి. కోనసీమలో అప్పటికి చాలా మారిపోయింది. కొబ్బరికాయలు దింపే యంత్రాలు ఉడతల్లా చెట్టూ చెట్టూ పాకుతున్నాయి, రేవు దాటించే పంటుల మీద సోలార్ ప్యానెళ్ళు మెరుస్తున్నాయి. మారంది గోదారి ఒక్కటే. ఏటా వరదకి ఎర్రనీళ్ళు దిగడం, నది మధ్య లంక గ్రామాలకి దారులు తెగిపోవడం, రోజుల తరబడి అక్కడి జనానికి డాక్టరుగానీ నర్సుగానీ దొరక్కపోవడం, అన్నీ మామూలే. అందుకని లంకల్లో ప్రతి రేవు దగ్గరా ఒక మాట్లాడే యంత్రం పెట్టాలని ప్రభుత్వం తలపెట్టింది. పాలక్యాను ఎత్తున పసుప్పచ్చ పెట్టె. దానికో కెమెరా, ఒక స్పీకరు, శాటిలైట్ లింకు. పేరు నేస్తం. ఒంట్లో బాగోకపోయినా, పడవ కావాలన్నా, ఏం తోచక కబుర్లు చెప్పుకోవాలన్నా దాన్నే అడగొచ్చు.

దాన్ని తయారు చేసినవాడు డాక్టర్ శేషఫణి. అనంతపురం మనిషి, నెమ్మదస్తుడు. పరీక్షలన్నిట్లోనూ నేస్తానికి నూటికి దగ్గర దగ్గరగా మార్కులొచ్చాయి. అయినా ఆయనకి ఎక్కడో అనుమానం. పరీక్షలో అడిగే ప్రశ్నకి ఎక్కడో ఒకచోట జవాబుంటుంది, మనుషులు అడిగేవి అలా ఉండవు కదా. "నాకు పరీక్ష పెట్టేవాళ్ళు వద్దు, ఊరికే కబుర్లాడేవాళ్ళు కావాలి," అన్నాడాయన. అమలాపురం మొత్తం మీద ఆ పనికి నూకరత్నాన్ని మించినవాళ్ళు లేరని అందరూ ఏకగ్రీవంగా చెప్పారు. ఆవిడకి బజార్లో గాజులకొట్టు. డజను గాజులు వేసేలోపు అవతలివాళ్ళ మూడు తరాల చరిత్ర రాబట్టగల మనిషి.

డబ్బుకి ఆశపడి రాలేదావిడ. కూతురు మంగతాయారుని చేమంతిలంకలో ఇచ్చింది. శ్రావణం నాటికి పిల్లకి నెలలు నిండుతాయి. మొదటి పురుడు పుట్టింట్లో అయిపోయింది గనక రెండోది అత్తారింట్లోనే. వరదల్లో అక్కడ పిల్లకి దిక్కు ఈ పసుప్పచ్చ పెట్టే. దాని సంగతేమిటో తను స్వయంగా తేల్చుకోవాలనుకుంది.

"మా మేనత్త పెళ్ళిలో పప్పులో ఉప్పెక్కువైంది, జ్ఞాపకముందా?" అనడిగింది మళ్ళీ.

"ఎందుకుండదండీ! కాస్త ఎక్కువైన మాట నిజమేనండి. అయినా మీ మేనత్తగారి పెళ్ళి భలే వైభవంగా జరిగిందండి."

"ఓరి నీ దుంపతెగ! నువ్వూ వచ్చావేంటి ఆ పెళ్ళికి?" అని పకపకా నవ్వింది నూకరత్నం. ఆ వారమంతా ఆవిడ కొట్లోనూ ఇంట్లోనూ ఇవే కబుర్లు. చిలకపులస అనే లేని చేపకి నేస్తం ఇగురు వండే విధానం చెప్పిందట, అదీ మామిడికాయ వేసి.

నవ్వు ఆగిపోయిన రోజు ఒకటొచ్చింది.

ఆ పొద్దున ఆవిడ యథాలాపంగానే అడిగింది. "నేస్తం, నిండు చూలాలికి కాళ్ళు వాస్తే గండభీర లేహ్యం ఏమాత్రం ఇవ్వాలి?" అలాంటి లేహ్యం ఏ మందులషాపులోనూ ఉండదు. అదీ ఆవిడ కల్పించిందే.

"ఆయ్, పూటకి అరచెంచా చాలండి. గోరువెచ్చని పాలల్లో కలిపిచ్చి పడుకోబెట్టండి. తెల్లారేసరికి వాపు తీసేస్తుంది."

నూకరత్నం చేతిలో కాయలు చేతిలోనే ఉండిపోయాయి. అంత మెత్తని గొంతు, అంత ఆప్యాయత. తాయారు అడిగితే నమ్మదూ? తనే అయితే నమ్మకుండా ఉండేదా? కాయల పొట్లం అక్కడే వదిలేసి తిన్నగా శేషఫణి గదిలోకి వెళ్ళింది.

"డాక్టరుగారూ, మీ పెట్టెని రేవులో పెట్టకండి. గోదాట్లో పారేయండి!"

ఆయన అంతా విన్నాడు. మొహం వాడిపోయింది. "రత్నమ్మగారూ, ఇది ఎలా పనిచేస్తుందో చెబుతాను వినండి. బస్సులో పక్క సీటాయన మీరు మాట మొదలుపెట్టగానే మిగతాది తనే పూర్తి చేస్తాడు చూడండి, ఇదీ అంతే. కోట్ల మాటలు విని, ఈ మాట తరవాత ఏ మాట వస్తే బాగుంటుందో ఊహిస్తుంది. ఆ ఊహ మీద దానికి ఎంత నమ్మకముందో లోపల ఒక లెక్క కూడా ఉంటుంది. ఇదిగో చూడండి, లేహ్యం మాట దగ్గర ఆ నమ్మకం దాదాపు సున్నా. అంటే తనకి తెలీదని దానికి తెలుసు. అయినా పైకి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు అంతుపట్టడం లేదు."

"మరి దీని జవాబులు విని రేటింగు ఇవ్వడానికి పెట్టుకున్నవాళ్ళు ఏం చేస్తున్నట్టు?"

"అందరూ మీ జిల్లావాళ్ళే. ప్రతి జవాబుకీ అయిదు స్టార్లు ఇచ్చారు."

"ఇవ్వరా మరి? పాపం, అంత మర్యాదగా చెబుతుంటే మొహమ్మీద తప్పని ఎలా అంటారండీ?" అనేసింది నూకరత్నం. అన్నాక తనకే ఏదోలా అనిపించి నాలిక్కరుచుకుంది.

టీ తాగుదామని ఇద్దరూ రోడ్డుపక్క కొట్టు దగ్గరికొచ్చి గ్లాసులు అందుకున్నారు. అంతలో ఒక లారీ వచ్చి పక్కన ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి ఏదో ఇటుకలబట్టీకి దారడిగాడు. "ఆయ్, తిన్నగా వెళ్ళి వంతెన దగ్గర ఎడంపక్కకి తిరుగు బాబూ," అంది నూకరత్నం, చెయ్యెత్తి మరీ చూపిస్తూ. లారీ వెళ్ళిపోయింది.

"అక్కడ బట్టీ ఉందా?" అన్నాడు శేషఫణి.

"ఏమోనండి."

"మరి చెప్పారు కదా?"

"నోరు తెరిచి అడిగినవాడికి తెలీదని ఎలా చెబుతామండీ? ఉత్త చేతుల్తో పంపినట్టుండదూ?"

శేషఫణి టీగ్లాసు బల్లమీద పెట్టేసి ఆవిడకేసి చూశాడు. ఆవిడా ఆయనకేసి చూసింది. ఇద్దరికీ ఒకేసారి వెలిగింది. నేస్తానికి మాటలు నేర్పడానికి రెండేళ్ళు ఈ నేల మీద సంతల్లో, పంటుల మీద, అరుగుల మీద జనం మాటలే రికార్డు చేశారు. ఆ డేటా అంతా గాలిస్తే 'తెలీదు' అన్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంతమంది! అన్న చోటల్లా సంభాషణ అక్కడితో ఆగిపోయింది. తెలీదంటే చుట్టరికం తెగుతుందని నేర్చుకుంది యంత్రం. మరేం చేస్తుంది పాపం!

"ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?" అంది నూకరత్నం నీరసంగా. "మా గుణమే వచ్చింది దానికి."

శేషఫణి వెనక్కి వెళ్ళి కొత్త నియమం పెట్టాడు. ఏ మాత్రం అనుమానమున్నా తెలీదనాలి, అంతే. మర్నాటికి నేస్తం వట్టి మొద్దురాచ్చిప్పయి కూర్చుంది. గోంగూర పుల్లగా ఉంటుందా అంటే తెలీదండి. గోదారి ఎటు పారుతుందంటే తెలీదండి. వచ్చినవాళ్ళు రెండు మాటలడిగి మొహం ముడుచుకుని వెళ్ళిపోయారు. అబద్ధాలకోరుతో వేగడమే నయమనిపించింది. శేషఫణికి అన్నం సహించలేదు.

దారి చూపించింది ఆ లారీయే. డ్రైవరు మర్నాడు అటుగా వస్తూ, శేషఫణి ఆఫీసు గుమ్మంలో ఉన్న నూకరత్నాన్ని గుర్తుపట్టి దిగి దులిపేశాడు. "ఏమ్మా! మీ మాట నమ్మి శ్మశానం దాకా వెళ్ళొచ్చాను!" ఆవిడ సిగ్గుతో చచ్చిపోయింది. "పొరపాటైంది నాయనా. నాకు తెలీదు, ఉండు," అని అతన్ని వెంటబెట్టుకుని ఎదురుగా ఉన్న ఆటోస్టాండుకి వెళ్ళింది. అక్కడ తెలిసిన కుర్రాడు దొరికేదాకా పక్కనే నిలబడి అప్పగించి మరీ వచ్చింది. డ్రైవరు దణ్ణం పెట్టి వెళ్ళాడు. కిటికీలోంచి శేషఫణి ఇదంతా చూస్తూనే ఉన్నాడు.

"తెలీదని చెప్పినా అతనికి కోపం రాలేదు," అన్నాడు ఆవిడ లోపలికి రాగానే.

"ఎందుకొస్తుందండీ? కూడా వెళ్ళాను కదా!"

అదీ కిటుకు. అప్పట్నుంచి నేస్తానికి అదే పాఠం. లోపలి నమ్మకం తగ్గితే ముందు తెలీదనాలి, ఆ వెంటనే తెలిసినవాళ్ళకి లైను కలపాలి, వాళ్ళు పలికేదాకా వదిలిపెట్టి పోకూడదు. బజారంతా వచ్చి కబుర్లాడి రేటింగులిచ్చింది, ఈసారి మొహమాటం ఇంట్లో పెట్టొచ్చి. నూకరత్నం లేని ఊళ్ళూ లేని చేపలూ లేని మందులూ మళ్ళీ వరసపెట్టి అడిగింది. "నాకు తెలీదండి పిన్నిగారూ, అడిగి తెలుసుకుందాం ఉండండి," అంది నేస్తం ప్రతిసారీ. అన్నం ఉడికిందనడానికి ఒక్క మెతుకు చాలంటారు గానీ, ఆవిడ ఆ కుండంతా పట్టి చూసింది.

ప్రారంభోత్సవం రోజున మంత్రిగారొచ్చారు. రిబ్బను కత్తిరించి, మైకు ముందు హుషారుగా, "ఏం నేస్తం, ఈ ఏడు గోదారికి పెద్ద వరదొస్తుందంటావా?" అనడిగారు.

"నాకు తెలీదండి. వరదల ఆఫీసుని అడుగుదాం, లైను కలుపుతున్నానండి."

వేదిక మీదే రెండో వరసలో కూర్చున్న వరదల ఆఫీసరుగారి జేబులో ఫోను మోగింది. జనమంతా గొల్లున నవ్వారు. ఎగువన ఇంకా వానలే మొదలవలేదు, ఇప్పుడే ఏం చెప్పలేమండి అనాలి ఆయన. కానీ ఎదురుగా మంత్రిగారు చిరునవ్వుతో చూస్తున్నారాయె! "ఆయ్, ఈ ఏడు రాదండి! నాదీ పూచీ!" అన్నాడు లేచి నిలబడి. చప్పట్లు మోగిపోయాయి. మంత్రిగారు పూలదండ తీసి ఆయన మెళ్ళో వేశారు. దిగి వెళుతూ, "మీ మెషీనుకి ఇంకాస్త జ్ఞానం పెట్టాలండీ," అని శేషఫణి భుజం తట్టారు.

నూకరత్నం ఆ వారంలోనే కూతుర్ని అమలాపురం తెచ్చేసుకోవాలనుకుంది. "వరద రాదని ఆఫీసరుగారే పూచీ పడ్డారు కదా వదినగారూ, తాయారు ఇక్కడే ఉంటుంది," అంది వియ్యపురాలు. నిజమే కదా అని నూకరత్నం ఊరుకుంది. చూశారా చోద్యం! నెలల తరబడి ఒక యంత్రం ధీమాని చీల్చి చెండాడిన మనిషి, ఒక మనిషి ధీమాని మాత్రం కళ్ళు మూసుకుని నమ్మేసింది.

శ్రావణం రాకుండానే ఎర్రనీళ్ళు దిగాయి. చేమంతిలంకకి దారి మునిగిపోయింది, ఫోన్లు మూగబోయాయి. నూకరత్నం శేషఫణి గదిలోనే మకాం పెట్టి, రేవుల నుంచి వచ్చే మాటలు వింటూ కూర్చుంది. ఇటు నుంచి వినడమే గానీ మాట్లాడ్డానికి లేదు. ముద్ద దిగడం లేదు, కనిపించిన దేవుళ్ళందరికీ మొక్కుతోంది.

ఆ మధ్యాహ్నం స్పీకర్లోంచి కూతురి గొంతు వినబడింది.

"నేస్తం, పొద్దున్నుంచి తల పగిలిపోతోందండి. కాళ్ళు బాగా వాచాయి. కళ్ళముందు మిణుగురుల్లా కదులుతున్నాయి. అత్తయ్యేమో వేడి చేసింది, మజ్జిగ తాగమంటున్నారు. తాగి పడుకోనా?"

నూకరత్నం స్పీకరు దగ్గరకి జరిగింది. పాత నేస్తమైతే ఈపాటికి ఆయ్ అని ఏదో ఒకటి చెప్పేసేది. పెట్టె క్షణం సేపు పలకలేదు.

"నాకు తెలీదమ్మా," అంది నేస్తం. "తెలీకుండా నిన్ను పడుకోమనలేను. డాక్టరమ్మని పిలుస్తున్నాను. ఆవిడొచ్చేదాకా నేనిక్కడే ఉంటాను, నువ్వు ఆ బల్లమీద కూర్చో."

నూకరత్నం చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది. డాక్టరమ్మ లైన్లోకొచ్చి నాలుగు ప్రశ్నలడిగి, "ఇది బీపీ. మజ్జిగతో తగ్గేది కాదు. వెంటనే పడవెక్కించండి," అంది. రక్షణ పడవ వెళ్ళింది. చీకటి పడేలోపు తాయారు అమలాపురం ఆసుపత్రిలో ఉంది. మర్నాడు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కాదంది డాక్టరమ్మ.

"పెట్టెకి తెలీదంటే నాకు ఒళ్ళు మండింది వదినగారూ," అంది వియ్యపురాలు, మనవరాలికి దిష్టి తీస్తూ. "తెలుసన్నది నేనే. పసిగుడ్డుని పొట్టన పెట్టుకునేదాన్ని."

"మీరే కాదు, నేనూ అంతే," అంది నూకరత్నం, ఆవిడ చెయ్యి పట్టుకుని.

సాయంత్రం ఫ్లాస్కు పట్టుకుని ఆసుపత్రి గేటు దాటుతుంటే ఒక వ్యాను పక్కన ఆగింది. సహాయ శిబిరానికి బియ్యం బస్తాలు తీసుకెళుతోంది. "అమ్మా, హైస్కూలుకి ఎటెళ్ళాలండి?" అనడిగాడు డ్రైవరు. ఊళ్ళో హైస్కూళ్ళు మూడున్నాయి, శిబిరం ఏ స్కూల్లోనో ఆవిడకి తెలీదు. అయినా నోట్లోంచి ఆయ్ వచ్చేసింది, చెయ్యి ఎడంపక్కకి సగం లేచింది కూడా.

ఆవిడ ఆ చేతిని బలవంతాన దించుకుంది.

"నాకు తెలీదు బాబూ. పద, ఆ ఆటోస్టాండులో అడుగుదాం, నేనూ వస్తాను."

డ్రైవరు ఆవిడని ఎగాదిగా చూశాడు.

"మీది ఈ జిల్లా కాదేంటండీ?" అన్నాడు.