కవర్ మీది చెయ్యి

పరుగు!

వెనక బూట్ల చప్పుడు. రెండు జతలు... కాదు, ఇంకా ఎక్కువే!

సందు మలుపు తిరిగి, మూసేసిన పుస్తకాల షాపు గుమ్మంలోకి దూరతాడు డ్రమ్మర్. వాన. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. కాళ్లు ఇక మావల్ల కాదంటున్నాయి.

బూట్లు దాటిపోతాయి.

హమ్మయ్య...

షాపు అద్దం వెనక మూడు పత్రికలు. మూడింటి మీదా ఒకే మొహం. పిడుగు. ఊరంతా పిచ్చెక్కిపోయే ర్యాపర్. మూడు రోజుల కిందట షో అయ్యాక కారు దగ్గర ఎవరో కాల్చి చంపారు.

సినిమా పత్రిక అతన్ని దేవుణ్ణి చేసింది. తల చుట్టూ వెలుగు కూడా పెట్టింది.

క్రైమ్ పత్రిక రౌడీని చేసింది. "చేసుకున్నవాడికి చేసుకున్నంత!"

మూడోది నున్నటి కాగితం, ఖరీదైన పత్రిక. ఎవరో అభిమాని ఫోన్‌లో తీసిన ఫొటో దానికే దొరికింది. పిడుగు కూలిపోతున్నాడు. అంచున పిస్తోలు పట్టుకున్న చెయ్యి. మొహం లేదు. చెయ్యి మాత్రమే.

"ఎడమచేతి హంతకుడెవరు?"

పిడుగు బృందంలో ఎడంచేతివాటం ఒక్కడికే. డ్రమ్మర్‌కి! పైగా ఆ సాయంత్రమే ఇద్దరూ పోట్లాడుకున్నారు. పాట వేగం గురించి! ఇంకేం కావాలి?

ఫోన్ వణుకుతుంది. భార్య. పెళ్లయి నెల.

"ఎక్కడున్నావ్?"

"వానలో."

"లొంగిపో మహానుభావా! బొద్దింకని చంపడానికి కూడా నన్నే పిలుస్తావ్. ఆ మాట నేనొచ్చి చెప్తాలే వాళ్లకి."

ఇంత అలసటలోనూ నవ్వొస్తుంది.

"నమ్మరే..."

మాట ఆగిపోతుంది. కవర్ మీద పిడుగు చెవిపోగు... ఎడమ చెవికి ఉంది!

ఏళ్ల తరబడి స్టేజి మీద పిడుగు వెనకే కూర్చున్నాడు తను. లైటు పడ్డప్పుడల్లా మెరిసింది కుడి చెవే!

"తిరగేశారు!"

"ఏంటి?"

"ఫొటోని! అద్దంలో చూసినట్టు తిరగేశారు. చంపినవాడిది కుడి చెయ్యే!"

మళ్లీ పరుగు. పత్రికాఫీసు రెండు సందుల అవతలే. పిడుగు ఇంటర్వ్యూ అప్పుడు తనూ ఒకసారి వచ్చాడు.

పైఅంతస్తులో ఒక్క లైటు. చెప్పులు వదిలేసి కుర్చీలో ముడుచుకున్న డిజైనర్. యాభై దాటిన ఆవిడ. అతన్ని చూసి అరవదు. అరిచే ఓపిక లేదు.

"కవర్ ఫొటో తిరగేశారా?"

"తిరగేశా బాబూ. మొహం బయటికి చూస్తోంది. హెడ్డింగు వైపు చూడాలిగా! ఎప్పుడూ చేసే పనే. ఆ మూలనున్న చెయ్యి నేనసలు పట్టించుకోలేదు. హెడ్డింగులో మాటలు ఎడిటర్ తర్వాత రాశాడు."

"ఆ చెయ్యి నాదంటున్నారండీ!"

ఆవిడ మొహం పాలిపోతుంది.

"అయ్యయ్యో... వచ్చేవారం దిద్దుబాటు వేయిస్తా. చివరి పేజీలో ఇంత జాగా ఇస్తారు." బొటనవేలంత చూపిస్తుంది.

"వచ్చేవారం దాకా నేనుండాలి కదండీ!"

ఆవిడ కంప్యూటర్ వైపు తిరుగుతుంది. అసలు ఫొటో తెరిచి ప్రింట్ కొడుతుంది.

కుడి చెవి. కుడి చెయ్యి!

తడిసిన వేళ్లకి కాగితం వెచ్చగా తగులుతుంది. ఎంత హాయి! ఏడుపొచ్చేస్తుంది. భార్యకి మెసేజ్ పెడతాడు. "తేలిపోయింది. వస్తున్నా."

టింగ్. "వేణ్ణీళ్లు పెడుతున్నా!"

ధడాల్!

తలుపు. తడి అడుగులు పట్టుకుని వచ్చేసిన ఇన్‌స్పెక్టర్. నిద్రలేక ఎర్రబడ్డ కళ్లు. చేతిలో పిస్తోలు.

"కదలకు!"

"సార్, ఫొటో! ఇదిగో అసలు ఫొటో సార్!"

మాటతోపాటే చెయ్యి లేస్తుంది. ఆత్రంగా. పుట్టినప్పటినుంచీ ఏ చెయ్యి ముందు లేస్తుందో, అదే.

ఎడమ చెయ్యి!

"కాగితమండీ! అది కాగితం..." డిజైనర్ కేక.

ధన్!