పంపు ఎక్కని ప్రోగ్రాం

ఇలా దగ్గరికి జరగండమ్మా, ఆ ఫోన్లు పక్కన పెట్టండి. గౌతమి చేసిన పని చెబుతాను. మధ్యలో లేస్తే మళ్లీ మొదలుపెట్టను.

గౌతమి సర్కారు గూఢచారి. ఏసీ మెకానిక్ వేషంలో ఉరవకొండ అవతలి పంపింగ్ స్టేషన్‌లో అడుగుపెట్టింది. చెవిలో చీఫ్ గొంతు.

"పదకొండుకు నీళ్లు వదులుతారు. పైపు చివర మూడు ఊళ్ల ఆడవాళ్లు బిందెలతో నిలబడ్డారు. పంపు నడిపే ప్రోగ్రాంలో విదేశీ ముఠా ఏదో దూర్చింది. పైపు పేలితే ఒక్కరూ మిగలరు."

లోపల మన ఏజెంట్ నందిని ఉంది. పట్టుచీర, నల్లకళ్లద్దాలు, చూపు తిప్పుకోనివ్వని అందం.

"కదిరి బస్సు పోయిందా?" అడిగింది గౌతమి.

"పోయింది. మల్లెపూలు మిగిలినాయి." కోడ్ సరిపోయింది. "అంతా చూసినా గౌతమీ. కంపైలర్ ఒక్క వార్నింగ్ కూడా ఇయ్యలేదు. నువ్వు పోవచ్చు."

గౌతమి పోలేదు. కంపైలరంటే మనం రాసింది మిషన్‌కు అర్థమయ్యేట్టు మార్చేది. అత్తగారిలాంటిదనుకోండి, పని ఆపదు గానీ అనుమానమొస్తే గొణుగుతుంది. ఇరవై మంది వండే వంటింట్లో అత్త ఒక్క మాటా అనలేదంటే నమ్ముతామా?

ప్రోగ్రాంను కంపైలర్‌కు అందించే పని చూసే ఇంజినీరు సోమప్పను పిలిచింది. కంపైలర్‌కు ఆజ్ఞలు రాసే ఫైలు తెరిస్తే పైనే ఉంది, మైనస్ డబ్ల్యూ. వార్నింగులన్నిటి నోరూ నొక్కే ఆజ్ఞ, వాళ్ల భాషలో ఫ్లాగ్.

"ఎవరు పెట్టినారన్నా ఇది?"

సోమప్ప తల వంచుకున్నాడు. "నేనేమ్మా. పెద్దోళ్లు చూడనీకి వస్తాండారు, తెర నిండా వార్నింగుల పసుపు గీతలుంటే ఏం మర్యాద? పండగకు ఇంటికి సున్నం కొట్టినట్ల..."

"బీటలు పూడ్చకుండానే కొట్టినావా అన్నా?"

టైం పది యాభై ఎనిమిది. ఇంకొక్క నిమిషానికి కంపైలర్ దానంతటదే మొదలై, ప్రోగ్రాంను నేరుగా పంపుకెక్కిస్తుంది. గౌతమి ఆ ఫ్లాగ్ కొట్టేసి, వార్నింగ్ వస్తే పని ఆగిపోవాలనే ఫ్లాగ్ టైపు చేయసాగింది.

"చేయి తీయ్!" నందిని చేతిలో పిస్తోలు. అవతలి ముఠా దగ్గరా జీతం తింటోందన్నమాట!

సోమప్ప ఆఫీసు కుర్చీని ఒక్క తన్ను తన్నాడు. అది నందిని మోకాళ్లకు తగిలి పిస్తోలు జారింది. స్టేషన్ కాపలావాళ్లు పరుగెత్తుకొచ్చి ఆమెను పట్టుకున్నారు. గౌతమి వేలు సేవ్ మీద పడింది. కంపైలర్ మొదలైంది, ఆగింది. పంపు కదలలేదు.

తెర మీద రెండువందల పన్నెండు గొణుగుళ్లు.

"ఇవన్నీ నాకు మొగం తెలిసినవేమ్మా, పదేండ్లుగా చూస్తాండా," అంటూ సోమప్ప వేలు కిందికి జరిపి, ఒకచోట ఆపాడు. "ఇది మాత్రం మాది కాదు."

ఒత్తిడి హద్దు దాటిందా అని చూసే లైను. 'ఈ జవాబు ఎప్పుడూ ఒకటే' అంటోంది కంపైలర్. ఎంత ఒత్తిడైనా హద్దులోనే ఉందని చెప్పి, పంపును ఆగనివ్వదన్నమాట.

అది సరిచేసి నీళ్లు వదిలేసరికి రెండయింది. గౌతమి పైపు దగ్గరికి పోతే ఒకామె బిందె ఎత్తి చూపింది.

"ఏమమ్మా, మూడు గంటలు ఎండలో నిలబెడతారా? మీ పనులు తగలెయ్య!"

"తప్పయిందక్కా," అంది గౌతమి.

సోమప్ప మాత్రం మొగం చెల్లక ఆ నీళ్ల దగ్గరికి రాలేదు.

గుర్తుపెట్టుకుని మీ పిల్లలకు చెప్పండమ్మా. చెప్పేటప్పుడు సోమప్ప చేసిన తప్పూ, తన్నిన తన్నూ రెండూ చెప్పండి. ఒకటి దాచి ఒకటి చెబితే నేనొప్పుకోను.