వెనక నిలబడ్డ మనిషి

నా చేతిలో పడ్డ తీగ నిజం కక్కకుండా ఉండటం ఈ భూమ్మీద జరగలేదు. నలభై రెండేళ్ళు బండ్లకు కరెంటు పని చేశాను. లారీలు, బస్సులు, అంబులెన్సులు, ఒకసారి సర్కసువాళ్ళ సింహం బోను కూడా. సింహం లోపలే ఉంది. నేను బోను కింద వెల్లకిలా పడుకుని తీగలు కలుపుతుంటే అది నా బూటు వాసన చూసి, వీడితో మనకెందుకులే అని అటు తిరిగి పడుకుంది. నమ్మకపోతే మీ ఇష్టం. సాక్ష్యం చెప్పడానికి ఆ సింహం ఇప్పుడు లేదు.

ఈ కథ కూడా వందమందికి చెప్పి ఉంటాను. కొండదారిలో పొగమంచు, పొగమంచులో దెయ్యం, చేతిలో స్క్రూడ్రైవరుతో దాన్ని నిలదీసిన నేను. చెప్పిన ప్రతిసారీ అది ఓ అడుగు పెరిగింది, నేను రెండడుగులు పెరిగాను. అందులో నిజమల్లా స్క్రూడ్రైవరు ఒక్కటే. మిగతా నిజం ఇప్పుడు రాస్తున్నాను. రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

నా బావమరిది ఒక పాత క్యాంపర్ ట్రైలర్ కొన్నాడు. అంటే చక్రాల మీద చిన్న గది. రెండు పడకలు, ఓ పొయ్యి, కర్టెన్లున్న కిటికీ. కారు వెనక కొక్కేనికి తగిలించుకుని ఇంటిని లాక్కుపోవచ్చు.

"బావా, అక్కని తీసుకుని నాలుగు రోజులు సరస్సు దగ్గరికి వెళ్ళిరండి. జన్మంతా మీ రిపేరు షెడ్డులోనే కూర్చోబెట్టారని అక్క నా చెవి కొరుక్కుతింటోంది" అన్నాడు.

కారు లాగుతుంది, బాగానే ఉంది. కానీ వెనక వచ్చే గదికి సొంత బుద్ధి ఉండదు. కారులో బ్రేకు తొక్కితే దాని వీపున ఎర్రదీపాలు వెలగాలి. ఎడమకి తిరిగితే ఎడమ దీపం కన్ను కొట్టాలి. ఈ కబుర్లన్నీ మోసేది ఒక్క ప్లగ్గు. ఏడు కన్నాలు, ఏడు తీగలు. అందులో తెల్లతీగ ఎర్తు. వెళ్ళిన కరెంటు తిరిగి ఇంటికి వచ్చే దారి అది. ఆ దారి చెడిందంటే దీపాలకు పిచ్చెక్కుతుంది. ఒకటి వెలగబోతే ఇంకోటి ఆరిపోతుంది.

అందుకే మా పనిలో ఒక పద్ధతి ఉంది. ప్లగ్గు పెట్టాక పరీక్ష ఒక్కడు చెయ్యకూడదు. సీట్లో ఒకరు, ట్రైలర్ వెనక ఒకరు. ముందున్నవాడు "ఎడమ?" అని అరుస్తాడు. వెనకున్నవాడు "వెలిగింది" అంటాడు. వాడు వెలగలేదంటే వెలగలేదంతే. ముందున్నవాడు ఎంత మొనగాడైనా సరే, నోరు మూసుకుని దిగి చూసుకోవాలి.

ఆరోజు పొద్దున వెనక నిలబడింది నా భార్య.

"ఎడమ?"

"వెలిగింది."

"కుడి?"

"వెలిగింది."

"బ్రేకు?"

చెప్పులు ఒక దీపం నుంచి ఇంకో దీపం దాకా నడిచిన చప్పుడు. తర్వాత, "వెలగలేదండీ. వెలుగుతున్నవి కూడా ఆరిపోయాయి."

బావమరిది గేటుకి ఆనుకుని నిలబడి నవ్వాడు. "ఏంటి బావా, సింహం బోనుకి వెలిగింది మా ట్రైలరుకి వెలగదా? పోనీ మెకానిక్కుని పిలవనా?"

నాకు తల కొట్టేసినట్టయింది. నలభై రెండేళ్ళ పేరు గేటు దగ్గర నేల మీద పడి దొర్లుతోంది.

"వెలిగిందే! ఎండ పడి నీకు కనిపించట్లేదు. ముందు ఆ కళ్ళద్దాలు మార్చుకో" అన్నాను.

"ఎండేదండీ, మబ్బు పట్టి ఉంటేనూ" అంది మెల్లగా.

"నలభయ్యేళ్ళ నుంచి తీగలతో కాపురం చేస్తున్నది నువ్వా నేనా?"

ఆమె వచ్చి నా పక్కన కూర్చుని, శాలువా ఒళ్ళో మడతపెట్టుకుంది. తప్పు నాదని నాకు తెలుసు. తెలిసే స్టార్ట్ చేశాను.

కొండదారి ఎక్కేసరికి సాయంత్రం ఐదున్నర. అప్పటికే పొగమంచు దిగింది. మొదట చెట్ల మొదళ్ళకు చుట్టుకుంది, తర్వాత రోడ్డు తెల్లగీతను మింగింది, తర్వాత మా బానెట్టును. తడిసిన ఆకుల వాసన. ఎక్కడో కింద నీళ్ళు పడుతున్న చప్పుడు. వైపర్లు కిర్రు కిర్రుమంటున్నాయి. నా భార్య పొద్దుటి నుంచి నాతో మూడు మాటలు మాట్లాడి ఉంటుంది. అందులో రెండు "ఊఁ".

ఒక వంపులో బ్రేకు తొక్కాను. వెనక చెవులు చిల్లులు పడేలా హారన్. టైర్లు కీచుమన్నాయి. ఒక లారీ మమ్మల్ని రాసుకుంటూ పక్కకొచ్చింది. డ్రైవరు కిటికీలోంచి సగం బయటికి వచ్చేశాడు.

"ఓ పెద్దాయనా! బ్రేకు కొడితే నీ బండి వెనక మొత్తం చీకటైపోతోంది! చావాలనుంటే ఒక్కడివే చావు, పక్కన ఆవిడ కూడా ఉంది కదా!"

వెళ్ళిపోయాడు. నేను భార్య వైపు చూడలేదు. ఆమె కూడా నా వైపు చూడలేదు. 'చెప్పానా' అన్నా బాగుండేది.

కొంచెం ముందు రోడ్డు కుడికి వంగే చోట, ఎడమవైపు వెడల్పాటి మట్టి జాగా ఉంది. అక్కడ ఆపాను. రోడ్డు వంపు తిరుగుతుంది కాబట్టి, ఆ జాగాలో తిన్నగా ముందుకి నడిస్తే లోయే. అంచున మోకాలెత్తు రాళ్ళు నాలుగు పాతారు. అంతే.

టార్చి నోట కరుచుకుని ప్లగ్గు ఊడదీశాను. పొద్దున్నే చూడాల్సింది. పిన్నులకు పచ్చగా చిలుం. తెల్లతీగ స్క్రూ వదులై, తీగ ఊరికే ముట్టుకుని కూర్చుంది. చిలుం గీకాను. స్క్రూ బిగించాను. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు పొద్దున నాకు బరువైపోయాయి.

"వెనక్కి వెళ్ళి చూడు" అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

ఆమె దిగింది. రెండడుగులు వేసేసరికి పొగమంచులో కలిసిపోయింది. ట్రైలర్ పక్కగా చెప్పుల చప్పుడు మట్టుకు వినిపించింది. ఆగింది.

నేను సీట్లో కూర్చున్నాను. అద్దం దించాను.

"ఎడమ?"

"వెలిగింది."

"కుడి?"

"వెలిగింది."

"బ్రేకు?"

"వెలిగింది."

హమ్మయ్య అనుకున్నాను. అనుకుని కిందికి చూశాను. నా కాలు బ్రేకు మీద లేదు. నేను ఇంకా తొక్కనేలేదు.

పొరపాటున చెప్పి ఉంటుంది. మళ్ళీ అడిగాను. ఈసారి కావాలనే కాలు కదపకుండా.

"బ్రేకు?"

"వెలిగింది."

అదే గొంతు. అదే సాగదీత. కానీ ఇందాకటి కంటే దగ్గరగా...

దిగాను. కొక్కెం దగ్గరికి వెళ్ళి టార్చి వేశాను. ప్లగ్గు వేలాడుతోంది. స్క్రూ బిగించాక సాకెట్లో పెట్టడం మరిచిపోయాను. తీగలో ఒక్క చుక్క కరెంటు లేదు. ఎడమ వెలగదు. కుడి వెలగదు. ఏదీ వెలగదు.

తలెత్తి చూశాను.

ట్రైలర్ వెనకవైపు పొగమంచు ఎర్రగా ఉంది. మెల్లగా చిక్కబడి... మెల్లగా తగ్గి... మళ్ళీ చిక్కబడి... ఊపిరి పీల్చినట్టు.

"ఏమే..." అన్నాను.

"వెలిగింది" అన్నారు ఎవరో. ట్రైలర్ లోపలి నుంచి. కర్టెన్ వెనక నుంచి.

ఇక్కడే నేను వందసార్లు అబద్ధం చెప్పాను. నిలదీశానని, స్క్రూడ్రైవరు గురిపెట్టానని, నా కేకకు కొండ మారుమోగిందని. స్క్రూడ్రైవరు జారి నా కాలి మీద పడింది. దాన్ని కూడా తీసుకోలేదు. కారులోకి దూకి తాళం తిప్పి, ట్రైలర్‌తో సహా పారిపోయాను.

కంగారులో భార్యని మరిచిపోయానని చెప్పుకోవచ్చు. ముసలాణ్ణి కదా, నమ్ముతారు కూడా. మరిచిపోలేదు. పక్క సీటులో శాలువా ఉంది. సీటు ఖాళీగా ఉందని మొదటి గేరు వేసేటప్పుడే నాకు తెలుసు. రెండో గేరు వేసేటప్పుడు తెలుసు. మూడో గేరులో కూడా తెలుసు.

ప్రతి వంపులో బ్రేకు తొక్కాను. తొక్కిన ప్రతిసారీ వెనక నుంచి, తాపీగా, "వెలిగింది..." బండి ఎంత జోరుగా పోయినా ఆ గొంతు దూరం కాలేదు.

ఆరో వంపు దాటాక ఆగిపోయింది. ఏ చప్పుడూ లేదు. అప్పుడు ఇంకా భయమేసింది. అది నన్ను వదిలేసిందంటే, ఎటు వెళ్ళినట్టు?

ట్రైలర్‌తో ఆ దారిలో వెనక్కి తిరగడం ఎవడి తరమూ కాదు. నా తరం కూడా కాదు, రాసుకోండి. వెడల్పు చోటు దొరికేదాకా పోయి, కొక్కెం విప్పి, ట్రైలర్‌ని అక్కడ వదిలేసి, ఒట్టి కారుతో తిరిగొచ్చాను. కొక్కెం పిన్ను రెండుసార్లు జారవిడిచి, ఐదు నిమిషాల పనికి పావుగంట పట్టింది. మొత్తం నలభై నిమిషాలు. నలభై నిమిషాలు ఆమెని అక్కడ వదిలేశాను.

కారు దిగగానే ఆమె గొంతు వినిపించింది. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది.

"వెలిగిందండీ."

కొంచెం ఆగి, ఎవరో అడిగితే చెప్పినట్టు, "ఆఁ, బ్రేకు కూడా వెలిగింది. కనిపిస్తోంది."

టార్చి వేసుకుంటూ పరిగెత్తాను. ఆమె పాతిన రాళ్ళకు అవతల ఉంది. లోయ వైపు తిరిగి నిలబడి ఉంది. చెప్పుల కొసలు అంచు దాటి ఉన్నాయి. ఎదురుగా తెల్లటి శూన్యం తప్ప ఏమీ లేదు. ఒక కాలు ఎత్తింది...

నడుము పట్టుకుని వెనక్కి లాగాను. ఇద్దరం మట్టిలో పడ్డాం.

"అయ్యో, ఇదేంటండీ!" అంది నన్ను చూసి. "ఎదురుగా పిలుస్తూ వెనక నుంచి వచ్చారేం?"

ఏం చెప్పను? నిన్ను వదిలేసి పారిపోయాను, నీతో మాట్లాడింది నేను కాదు అని చెప్పాలి. చెప్పలేదు. "జారిపడతావని వచ్చాను, పద" అన్నాను. ఆ మాటతో మళ్ళీ నేనే మొనగాణ్ణయ్యాను.

సరస్సుకి వెళ్ళలేదు. ట్రైలర్ ఏదని ఆమె అడిగితే, దీపాలు కుదరక ముందు విప్పి పెట్టాను, రేపు మీ తమ్ముడు తెచ్చుకుంటాడు అన్నాను. కొండ దిగి ఇంటిదారి పట్టాం. చాలాసేపటికి ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది. అలా వేసి ఎన్నేళ్ళయిందో.

"మీరు అలా అంటారని కలలో కూడా అనుకోలేదు" అంది.

"ఎలా?"

"పొద్దున నువ్వు చెప్పిందే నిజం, నాదే తప్పు, మీ తమ్ముడి ముందు నిన్ను చిన్నబుచ్చాను, క్షమించు అని. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఒక్కసారైనా అన్నారా ఆ మాట? బండి చప్పుడైతే కొంచెం ముందుకి జరుపుతున్నారనుకున్నాను. మీ మాట సరిగ్గా వినపడక, మీరు ఇంకొంచెం దగ్గరికి రా అంటే ఒక్కో అడుగే వచ్చాను. లేకపోతే ఆ చీకట్లో నేనెందుకు కదులుతాను?"

స్టీరింగు పట్టుకుని రోడ్డునే చూశాను. నేను అనాల్సిన మాట, నా నోటికి రాని మాట, ఇంకేదో నా గొంతుతో అనేసింది. ఆమె దాన్ని నమ్మి చావు అంచుదాకా నడిచింది. నేను గనక ఆ గేటు దగ్గరే ఒక్కసారి అని ఉంటే, దానికి అనడానికి ఏం మిగిలేది?

ఇది జరిగి పదకొండు నెలలు. ఈ పదకొండు నెలలూ ఆ మెప్పు నేనే తిన్నాను. ఆమె నన్ను మారిన మనిషిగా చూస్తోంది. కాఫీ కప్పు పెట్టేటప్పుడు నవ్వుతోంది. ఆ నవ్వు చూసినప్పుడల్లా నేల చీలితే బాగుండుననిపిస్తుంది.

నిన్న మధ్యాహ్నం ఇక తట్టుకోలేక వంటింట్లోకి వెళ్ళాను. ఆమె బల్ల దగ్గర కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. ఎదురుగా కూర్చుని, బల్ల అంచు గట్టిగా పట్టుకుని, మొత్తానికి అన్నాను.

"ఇదిగో... ఆ రోజు నువ్వు చెప్పిందే నిజం. నాదే తప్పు. నన్ను క్షమించు."

ఆమె తల ఎత్తలేదు. గింజలు గిన్నెలో టక్ టక్‌మని పడుతున్నాయి.

"ఎన్నిసార్లు చెబుతారండీ" అంది, చిన్నపిల్లాణ్ణి ఊరుకోబెట్టినట్టు. "ఇందాకేగా పెరట్లోంచి చెప్పారు. ఈ నాలుగూ ఒలిచి వస్తున్నానన్నానా, లేదా?"

పెరటి తలుపు బార్లా తీసి ఉంది. ఆమె కాళ్ళకు అప్పటికే బయటి చెప్పులు ఉన్నాయి.