మలుపు దగ్గర ఇనుప గూడు

"మిర్తో, పిన్ని చెయ్యి వదలకే," అని కారులోంచి పిలిచి చెప్పింది అక్క.

పొద్దున పార్గా సముద్రంలో ఈతలాడి, మధ్యాహ్నానికి మెత్సొవో కొండలెక్కాం. మలుపులకు పిల్లకి కడుపులో తిప్పితే దింపాను. లోయలోంచి పొగమంచు మెల్లగా పైకి పాకుతోంది. తడిసిన పైన్ చెట్ల వాసన. రోడ్డు పక్కన, ఎవరో పోయిన చోట నిలబెట్టిన ఇనుప గూడు. పిచ్చుక గూడంత ఉంది. లోపల నూనె దీపం.

వెనక్కి చూశాను. స్తమాతిస్ బావ తన కోటు తీసి అక్క భుజాల మీద కప్పి, మెడ మీది జుట్టు సర్దుతున్నాడు. ఆ వేళ్ళు నా మెడ మీద ఎలా ఉంటాయో ఎన్నిసార్లు ఊహించుకున్నానో. అక్కకు అన్నీ ఉన్నాయి. అన్నీ.

గూడు దగ్గర నల్లబట్టల ముసలమ్మ ఒకామె దీపంలో నూనె పోస్తోంది. ఎప్పుడొచ్చిందో.

"ఎంత ముద్దుగా ఉంది. నీ కూతురా?"

"మా అక్క కూతురు."

"అంతా అక్కకేనా," అని నవ్వింది.

పిల్లని మెచ్చుకుంటే వెంటనే మూడుసార్లు తూ తూ అని ఉమ్మాలి, దిష్టి తగలకుండా. ఆమె ఉమ్మలేదు. నేనైనా ఉమ్మాల్సింది. నోరు కదపలేదు.

"నాకివ్వవే..." గుసగుసగా అంది.

మంచు కమ్మేసింది... నా చెయ్యి ఖాళీగా ఉంది.

అక్క గొంతు చించుకుని పిలిచింది. బావ లోయ అంచుదాకా పరిగెత్తాడు. అంతలో కారులోంచి నవ్వు. వెనక సీట్లో కూర్చుని ఉంది మిర్తో. ఒళ్ళంతా దీపం నూనె వాసన.

"ప్రాణం తీశావు కదే బంగారం," అని అక్క హత్తుకుని ఏడ్చింది.

కిటికీ పక్క చోటు కోసం రోజూ మిర్తోతో కొట్టుకునే దాని తమ్ముడు, బుల్లి లాంబిస్, అవతలి తలుపుకు అతుక్కుపోయాడు.

"ఎక్కు మరదలా, నిన్ను కూడా వెతకాలా ఏంటి?" అన్నాడు బావ.

నేను కదల్లేదు. వెనక, ఆ ఇనుప గూట్లోంచి...

"పిన్నీ... ఇక్కడ ఇరుకుగా ఉంది."

ఎవరూ తిరిగి చూడలేదు. నాకొక్కదానికే వినిపిస్తోంది. కారెక్కితే చాలు, వెళ్ళిపోతాం. అక్క ముద్దు పెట్టుకుంటున్నది తన పిల్లని కాదని నాకొక్కదానికే తెలుస్తుంది... ఒక్క క్షణం ఆ ఊహ తియ్యగా ఉంది.

"పిన్నీ..."

అక్క ఒళ్ళోంచి ఆ పిల్ల నన్నే చూస్తోంది. రెప్ప వెయ్యడం లేదు.

"అక్కా," అన్నాను. "దాని చెయ్యి నేనే వదిలాను. ఆమె అడిగింది... ఇచ్చేశాను."